నీతికథలు, కదిలే బొమ్మలు

వారణాసిని బ్రహ్మదత్తుడు పాలిస్తున్న కాలంలో రాజోద్యానంలో రెండు లేళ్ల గుంపులు ఉండేవి. ఒక గుంపునకు న్యగ్రోధమృగం నాయకుడు, రెండవ గుంపునకు శాఖమృగం నాయకుడు. రాజు ప్రతిదినం వేటకు వచ్చి బాణాలు వేసేవాడు. చచ్చేది ఒక లేడి, గాయపడేవి అనేకం. ఆ బాధ పడలేక రెండు గుంపులూ ఒక ఒప్పందానికి వచ్చినవి. దినానికొక లేడి, ఒకనాడు ఈ గుంపు నుండి, మరునాడు ఆ గుంపు నుండి, తనంతట తానే వెళ్లి వధ్యశిలపై మెడ పెట్టవలెను. ఒకనాడు శాఖమృగం గుంపులో నిండుచూలాలైన లేడికి వంతు వచ్చినది. బిడ్డను కన్న తరువాత వస్తానని అది ఎంత వేడుకొన్నా శాఖమృగం వంతు మార్చడానికి ఒప్పుకోలేదు. ఆ సంగతి తెలిసిన న్యగ్రోధమృగం మారుమాట లేకుండా తానే వెళ్లి ఆ శిలపై తల వాల్చినది.

అక్కడితో కథ ముగియలేదు. రాజు వచ్చి కారణం అడిగినాడు. ఒకరి చావును మరొకరి నెత్తిన వేయరాదు కాబట్టి తానే మోసుకొన్నానని మృగం చెప్పినది. రాజు మనసు కరిగి ఆ మృగానికీ చూలి లేడికీ అభయమిచ్చినాడు. మృగం తృప్తిపడలేదు, తక్కిన లేళ్ల గతి యేమిటని అడిగినది. వాటికీ అభయం దొరికినది. అట్లయితే ఉద్యానం వెలుపలి లేళ్లు? తక్కిన నాలుగు కాళ్ల జంతువులు? పక్షులు? నీటిలోని చేపలు? ఒక్కొక్క ప్రశ్నకు రాజు ఒక్కొక్క మెట్టు దిగి వచ్చి చివరకు సమస్త ప్రాణులకూ అభయమిచ్చినాడు. జాతకకథలలో పన్నెండవదైన ఈ కథకు బలం త్యాగంలో ఎంత ఉన్నదో, ఆగక సాగే ఆ ప్రశ్నలలోనూ అంతే ఉన్నది.

1957లో బొంబాయిలోని ఫిల్మ్స్ డివిజన్ కార్టూన్ విభాగం ఈ కథను ‘ద బన్యన్ డీర్’ అనే పేరుతో కదిలే బొమ్మల చిత్రంగా తీసినది. స్వతంత్ర భారతదేశంలో ప్రభుత్వం పూనుకొని తీయించిన కదిలే బొమ్మల చిత్రాలలో ఇది తొలినాటిది. అంతకు పూర్వం 1956లో అమెరికా సాంకేతిక సహాయ పథకం క్రింద క్లేర్ వీక్స్ అనే చిత్రకారుడు బొంబాయికి వచ్చినాడు. ఆయన వాల్ట్ డిస్నీ సంస్థలో పనిచేసి చేయితిరిగినవాడు. ఇక్కడి యువ చిత్రకారులకు బొమ్మను నడిపించే విద్య ఆయన నేర్పినాడు. ఆ శిష్యులలో రామ్ మోహన్ ఒకడు. తరువాతి అరవై ఏండ్ల చరిత్రలో ఆయన పేరు మళ్లీ మళ్లీ వినిపిస్తుంది. బుద్ధ జయంతి 2500 సంవత్సరాల ఉత్సవాలు దేశమంతటా జరిగినది 1956లోనే. బాలల చలనచిత్ర సంఘం అంతకు ముందటి యేడు, 1955లో, ఏర్పడినది. కొత్త గణతంత్రం తన పిల్లలకు ఏమి చెప్పవలెనని ఆలోచిస్తున్న దినాలవి. చెప్పవలసిన కథ పాతది. చెప్పే యంత్రం కొత్తది.

నాటి నుండి నేటివరకు భారతదేశంలో పిల్లల కోసం వచ్చిన కదిలే బొమ్మల చరిత్రను రెండు విధాలుగా వ్రాయవచ్చును. ఏ కథలు తెరకెక్కినవి, ఏ సంస్థలు తీసినవి, ఎంతమంది చూచినారు అనేది ఒక విధం. ఆ కథ చెప్పేవారు ఎవరు, వింటున్న పిల్లవాడు మధ్యలో ఒక ప్రశ్న వేస్తే జవాబు చెప్పడానికి ఎవరున్నారు అనేది రెండవ విధం. నీతిని గురించి విచారించేటప్పుడు రెండవ విధమే ఎక్కువ ప్రయోజనకరం. ఎందుకంటే, పాత కథలలో నీతి ఎక్కడ ఉండేదో తెలియకపోతే, తెరమీదికి వచ్చేసరికి అది ఏమైనదో తెలియదు.

పంచతంత్రాన్నే తీసుకొనవచ్చును. మహిళారోప్యపురాన్ని పాలించే అమరశక్తికి ముగ్గురు మందబుద్ధులైన కొడుకులు. ఆరు నెలలలో వారిని నీతిశాస్త్రజ్ఞులను చేస్తానని విష్ణుశర్మ ప్రతిజ్ఞ చేసినాడు. అనగా గ్రంథం ఆరంభంలోనే ఒక గురువూ ముగ్గురు శిష్యులూ ఉన్నారు. లోపలి కథలలోనూ అంతే. కరటకుడు, దమనకుడు అనే నక్కలు వాదించుకొంటూ, ఒకరి వాదానికి ఎదురుగా మరొకరు శ్లోకాలు చదువుతూ, ఆ వాదంలో భాగంగానే కథలు చెప్పుకొంటారు. దమనకుని కుతంత్రం ఫలించి సింహం చేతిలో సంజీవకమనే ఎద్దు చచ్చిపోతుంది. కుతంత్రం చేసినవాడు మంత్రి అవుతాడు. చెడ్డవానికి శిక్ష, మంచివానికి బహుమానం అనే సూత్రం అక్కడ లేదు. ఆ గ్రంథంలో నీతి అనగా లోకంలో మెలగే నేర్పు. దానిని ఎప్పుడు ఎట్లా వాడుకోవలెనో శిష్యుడు గురువుతో తర్కించి తెలుసుకోవలసినదే.

బేతాళ కథలలో ఈ పద్ధతి మరింత స్పష్టం. శవంలోని బేతాళుడు విక్రమార్కుని భుజంపై ఉండి కథ చెప్పుతాడు. కథ చివర నీతివాక్యం లేదు, ఒక చిక్కు ప్రశ్న ఉన్నది. జవాబు తెలిసికూడా చెప్పకపోతే తల పగులుతుంది. చెప్పితే మౌనభంగమై శవం తిరిగి చెట్టెక్కుతుంది. జాతకాలలో బుద్ధుడు ఎదుట ఉన్న భిక్షువులకు సమకాలపు సంఘటన ఒకటి చూపి, దానికి పూర్వజన్మ కథను జోడించి, ఆ కథలోని వారెవరో చివర గుర్తుపట్టి చెప్పుతాడు. ఈ మూడు సంప్రదాయాలూ వేరువేరు. కాని మూడింటిలోనూ చెప్పేవాడూ వినేవాడూ కథలోపలనే కూర్చుండి ఉన్నారు.

బొమ్మలతో కథ చెప్పడం ఈ దేశానికి కొత్త కాదు. అజంతా గోడలమీద జాతకాలు ఉన్నవి. వంగదేశపు పటువాలు చుట్టను విప్పుతూ పాడతారు. రాజస్థానంలో కావడ్ అనే కొయ్యపెట్టె తలుపులు ఒక్కొక్కటిగా తెరుస్తూ కథకుడు లోపలి బొమ్మలను చూపుతాడు. తెలంగాణలోని చేర్యాల నకాషీ పటాలు కులపురాణాలు చెప్పే కథకుల కోసం పుట్టినవి. తోలుబొమ్మలాటలో రామరావణుల యుద్ధం నడుమ జుట్టుపోలిగాడు, బంగారక్క, కేతిగాడు దూరి నాటి ఊరి సంగతులు మాట్లాడి నవ్విస్తారు. వీటన్నిటిలో బొమ్మ ప్రక్కన ఒక మనిషి గొంతు ఉన్నది. పిల్లవాడు నిద్రపోతే ఆ గొంతు హెచ్చుతుంది, భయపడితే తగ్గుతుంది, అడ్డుప్రశ్న వేస్తే ఆగుతుంది.

అచ్చు వచ్చిన తరువాత ఈ కథలు పాఠ్యపుస్తకాలైనవి. తెలుగువారికి ఈ మార్పు బాగా తెలిసినదే. పరవస్తు చిన్నయసూరి 1853లో ప్రకటించిన నీతిచంద్రికలోని మిత్రలాభ మిత్రభేదాలు తరతరాల విద్యార్థులకు వచనరచనకు ఒరవడి అయినవి. తక్కిన సంధి విగ్రహాలను కందుకూరి వీరేశలింగం తెలుగు చేసినారు. బడిలో కథకు పరీక్ష ఉన్నది. పరీక్షకు ప్రశ్న ఉన్నది. ప్రశ్నకు ఒకే జవాబు ఉన్నది. కాబట్టి కథ చివర ‘ఈ కథవలన తెలుసుకొనదగిన నీతి’ అనే వాక్యం చేరినది. రాజకుమారుల కోసం పుట్టిన లోకజ్ఞానం క్రమంగా చిన్నపిల్లల సత్ప్రవర్తనగా మారినది. 1947 జూలైలో మద్రాసునుండి వెలువడిన చందమామ ఈ ఇరుకును కొంత సడలించినది. ఆ పత్రిక ప్రచురించిన బేతాళ కథలు పాత పద్ధతిలోనే ప్రశ్నతో ఆగి, ఆ తరువాతనే జవాబుకు వెళ్లేవి. ఆ నడుమ పుస్తకం మూసి ఆలోచించుకొనడానికి చదువరికి వీలుండేది.

కదిలే బొమ్మకు ఆ వీలు లేదు. తెరమీద ఒక సెకండుకు ఇరవైనాలుగు చిత్రాలు దాటిపోతవి. ఒక్కొక్క బొమ్మను రెండు ఫ్రేములకు వాడుకొన్నా, ఒక నిమిషానికి 720 బొమ్మలు గీయవలెను; ఏడు నిమిషాల కథకు అయిదువేలు దాటుతవి. పాత పద్ధతిలో ప్రతి బొమ్మనూ పారదర్శకమైన సెల్యులాయిడ్ పలకపై గీసి, వెనుక రంగులు వేసి, క్రింద దృశ్యపటం పరచి, కెమెరాతో ఒక్కొక్కటిగా ఫోటో తీసేవారు. ఇంత శ్రమతో సిద్ధమైన కథలో ఒక్క క్షణం కూడా వింటున్నవాని కోసం ఆగదు. పైగా 1957లో ‘ద బన్యన్ డీర్’ వంటి చిత్రాలు పిల్లల కోసం ప్రత్యేకంగా చూపబడేవి కావు. ఫిల్మ్స్ డివిజన్ చిత్రాలను సినిమాశాలలు అసలు సినిమాకు ముందు విధిగా ప్రదర్శించేవి. చీకటిలో, పెద్దల నడుమ, అనుకోకుండా ఎదురయ్యే కథ అది. దేశంలో టెలివిజన్ ప్రసారం ప్రయోగంగా ఢిల్లీలో 1959 సెప్టెంబరు 15న ప్రారంభమైనది. అది చాలా ఏండ్లు ఆ నగరాన్ని దాటలేదు.

ఈ యంత్రంలో కథకునికి మళ్లీ చోటు కల్పించిన చిత్రం 1974లో వచ్చినది. దాని పేరు ‘ఏక్ అనేక్ ఔర్ ఏక్‌తా’. ఫిల్మ్స్ డివిజన్ తీయించిన ఈ ఏడు నిమిషాల చిత్రాన్ని రూపొందించినవారు విజయా మూలే. బొమ్మలకు చలనం ఇచ్చినది భీమ్‌సేన్. ఉత్తమ విద్యావిషయక చిత్రంగా దీనికి జాతీయ బహుమానం లభించినది. తోటలో పిల్లలు ఆడుకొంటుంటారు. ఒక పిల్లవాడు ‘అనేక్’ అనగా ఏమిటని అక్కను అడుగుతాడు. అక్క సూర్యుడు ఒకడు, నక్షత్రాలు అనేకం అన్నట్లుగా కంటికి కనబడే వస్తువులతో చెప్పుతుంది. పిల్లలు ఆగరు, మళ్లీ అడుగుతారు. అప్పుడు ఆమె వలలో చిక్కిన పక్షుల కథ ఎత్తుకొంటుంది. పక్షులన్నీ ఒక్కసారిగా రెక్కలు కొట్టి వలతోసహా ఎగిరి, ఎలుకల దగ్గరకు వెళ్లి, వల కొరికించుకొని బయటపడతవి. కథ ముగిసిన తరువాత కూడా పిల్లలు ఊరుకోరు. మనమూ అట్లా చేయగలమా అన్న సందేహం వారికి వస్తుంది.

నీతిచంద్రిక చదివిన తెలుగు పాఠకునికి ఈ పక్షులు పరాయివి కావు. ఇవి మిత్రలాభంలోని చిత్రగ్రీవుని పావురాలు. ఆ ఎలుక హిరణ్యకుడు. కాని రెండు కథలకూ ఒక ముఖ్యమైన భేదం ఉన్నది. పాత కథలో హిరణ్యకుడు మొదట తన మిత్రుడైన చిత్రగ్రీవుని బంధాలు కొరకబోతే, చిత్రగ్రీవుడు వారిస్తాడు. నన్ను నమ్ముకొన్నవారిని ముందు విడిపించు, నన్ను తరువాత చూడవచ్చును అంటాడు. అది రాజధర్మం. 1974 నాటి చిత్రంలో ఆ రాజూ లేడు, ఆ ఘట్టమూ లేదు. అందరూ సమానంగా రెక్కలు కొట్టడమే అందులోని సారం. రాచరికపు కథను గణతంత్రం తనకు అనువుగా మలచుకొన్నది. దీనివలన కథ కొంత పోగొట్టుకొన్నది. నాయకుడైనవాడు ఎవరికి ముందు విడుదల కోరవలెననే ప్రశ్న పిల్లలదాకా రాలేదు. కాని ఆ పోయినదానికి బదులుగా ఆ చిత్రం ఒక అక్కను తెచ్చి తోటలో కూర్చుండబెట్టినది. ఇది చిన్న విషయం కాదు. విష్ణుశర్మ స్థానం ఖాళీగా ఉన్నదని గుర్తించి, ఆ ఖాళీని తెరలోపలనే నింపిన ప్రయత్నం అది.

అటువంటి ప్రయత్నమే మరుసటి యేడు తెర వెలుపల జరిగినది. 1975 ఆగస్టు 1 నుండి 1976 జూలై 31 వరకు అమెరికా వారి ఏ.టి.ఎస్.-6 అనే ఉపగ్రహం సహాయంతో ఉపగ్రహ బోధనా టెలివిజన్ ప్రయోగం నడిచినది. ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, ఒరిస్సా, బీహారు, మధ్యప్రదేశ్, రాజస్థాన్ రాష్ట్రాలలో సుమారు 2400 గ్రామాలలో టెలివిజన్ పెట్టెలు పెట్టినారు. ప్రసారాలు హిందీ, ఒరియా, కన్నడం, తెలుగు భాషలలో జరిగినవి. ఉదయం వేళ బడిపిల్లల కార్యక్రమం ఉండేది. విద్యుత్తు కూడా సరిగా లేని పల్లెలలో పిల్లలు బడిలో గుంపుగా కూర్చుండి చూచేవారు. పెట్టె ప్రక్కన పంతులుగారు నిలబడేవారు. పిల్లల కార్యక్రమాలు సిద్ధం చేసినది విద్యా సాంకేతిక కేంద్రం. దానికి ఆ దినాలలో అధిపతిగా ఉన్నది విజయా మూలేయే. ఆ ప్రయోగం ఒక్క ఏడాదితో ముగిసినది. కాని అది ఒప్పుకొన్న సూత్రం గమనింపదగినది: పెట్టె కథ చెప్పగలదు, పిల్లవాని మాట వినలేదు, వినడానికి ఒక మనిషి ఉండవలెను.

1982లో రంగుల ప్రసారం వచ్చిన తరువాత టెలివిజన్ పెట్టె బడిని వదిలి ఇంటిలోకి ప్రవేశించినది. 1985లో దూరదర్శన్ ‘విక్రమ్ ఔర్ బేతాళ్’ను నటులతో ప్రసారం చేసినది. 1986లో సుద్ధసత్త్వ బసు రూపొందించిన ‘గాయబ్ ఆయా’ దేశీయ కదిలే బొమ్మల ధారావాహికలకు తొలి మెట్టు. ‘ఏక్ అనేక్ ఔర్ ఏక్‌తా’ కూడా ఈ కాలంలోనే దూరదర్శన్ ద్వారా ఇంటింటికీ తెలిసినది. అప్పటికి ఛానలు ఒకటే; పెట్టె వీధికి ఒకటో రెండో. పిల్లలు ఒంటరిగా చూచేవారు కారు. తల్లిదండ్రులు, తాతముత్తవ్వలు, ఇరుగుపొరుగువారు అందరూ ఒకే చోట చేరేవారు. తెరలో అక్క లేకపోయినా తెర ఎదుట ఎవరో ఒక అక్క ఉండేది.

ఈలోగా రామ్ మోహన్ జీవితం మరొక త్రోవలో నడిచినది. 1968లో ఆయన ఫిల్మ్స్ డివిజన్‌ను వదిలి, తెలుగువాడైన ఎల్.వి. ప్రసాద్ నెలకొల్పిన ప్రసాద్ ప్రొడక్షన్స్‌లో యానిమేషన్ విభాగానికి పెద్ద అయినాడు; 1972లో సొంత సంస్థ పెట్టుకొన్నాడు. 1980లలో యూగో సాకో అనే జపాను దర్శకుడు రామాయణాన్ని కదిలే బొమ్మలుగా తీయడానికి పూనుకొన్నప్పుడు, సహదర్శకులుగా కొయిచి ససాకితోపాటు రామ్ మోహన్ నిలిచినాడు. విదేశీయులు మన దేవతలను కార్టూనులుగా గీయడమేమిటని దేశంలో కొందరు ఆక్షేపించినారు. పని ప్రధానంగా జపానులోనే జరిగినది. చిత్రం 1993 జనవరిలో భారత అంతర్జాతీయ చలనచిత్రోత్సవంలో ప్రదర్శింపబడినది. తరువాతి కాలంలో పిల్లలు దానిని ఎక్కువగా టెలివిజన్ ద్వారానే ఎరిగినారు. 2025 జనవరిలో అది దేశంలోని సినిమాశాలలకు వచ్చినప్పుడు హిందీ, తమిళాలతోపాటు తెలుగు మాటలతో కూడా వచ్చినది. అజంతా జాతకం అమెరికా గురువు చేత, రామాయణం జపాను దర్శకుని చేత కదలడం నేర్చుకొన్నవి. 1993లో దూరదర్శన్ హిందీలో చూపిన ‘జంగిల్ బుక్’ కూడా జపానులో తయారైనదే. కాని దానిలోని అడవి మధ్యప్రదేశ్‌లోని సివనీది. కథలు దేశాలు తిరిగి రావడం కొత్త కాదు. పంచతంత్రం పహ్లవీ, అరబీ భాషలగుండా యూరపుకు వెళ్లినదే.

1995లో కార్టూన్ నెట్‌వర్క్ భారతదేశంలో ప్రసారం మొదలుపెట్టినది. దానితో ఒక మౌలికమైన మార్పు వచ్చినది. అంతకు ముందు కథను కోరినది ప్రభుత్వం, బడి, లేదా ఒక కళాకారుడు. ఇప్పుడు కథను కోరుతున్నది రోజంతా నిండవలసిన కాలం. ఒక ఛానలుకు కావలసినది ఒక కథ కాదు. ఎన్నటికీ ముగియని కథల వరుస. 2003లో తిరువనంతపురంలోని టూన్జ్ సంస్థ తెనాలి రాముని కథలను ధారావాహికగా తీసి కార్టూన్ నెట్‌వర్క్‌కు ఇచ్చినది. కృష్ణా తీరపు కవి, విజయనగరపు ఆస్థానం, మలయాళ దేశపు చిత్రశాల, దేశమంతటా ప్రేక్షకులు. తెనాలి కథలు ధారావాహికకు అనువైనవి కూడా. ప్రతి కథలోనూ ఒక చిక్కు, ఒక చమత్కారం, ఒక నవ్వు. రాజు కోపం ప్రతిసారీ కరిగిపోతుంది; మరునాటి కథకు రాజూ కవీ ఇద్దరూ యథాస్థానంలో సిద్ధంగా ఉంటారు.

ఈ లక్షణం పరాకాష్ఠకు చేరినది హైదరాబాదులో. 2001లో రాజీవ్ చిలక స్థాపించిన గ్రీన్ గోల్డ్ సంస్థ మొదట విక్రమబేతాళ కథలను, కృష్ణుని బాల్యాన్ని తెరకెక్కించినది. 2008 ఏప్రిల్‌లో పోగో ఛానలులో ‘ఛోటా భీమ్’ ప్రారంభమైనది. ఢోలక్‌పూర్ అనే కల్పిత రాజ్యం, తొమ్మిదేండ్ల బలశాలియైన బాలుడు, చుట్‌కీ, రాజూ, జగ్గూ అనే కోతి, ఎదిరించి ఓడిపోయే కాలియా, ఆపదలో బలమిచ్చే లడ్డూలు. భారతదేశంలో పుట్టిన కదిలే బొమ్మలలో ఇంతటి ఆదరణ పొందినది మరొకటి చెప్పడం కష్టం. పిల్లలకు పరదేశపు వీరులు తప్ప వేరే దిక్కులేని కాలంలో ధోవతి కట్టిన బాలుడు ఒకడు తెరమీద నిలబడినాడు. బలం బలహీనులను కాపాడడానికేనని, స్నేహితులను విడువరాదని, దర్పం కూడదని ప్రతి కథా చెప్పుతుంది. ఆ గౌరవం దానికి దక్కవలసినదే.

కాని మహాభారతంలోని భీముడు వేరు. అతడు విషం తిని గంగలో పడినవాడు. ద్రౌపది అవమానాన్ని కళ్లారా చూస్తూ అన్నమాటకు కట్టుబడి ఊరుకొన్నవాడు. పగ తీర్చుకొన్న తరువాత కూడా కొడుకును పోగొట్టుకొన్నవాడు. అతని బలం అతనిని ఏ దుఃఖం నుండీ కాపాడలేదు. ఢోలక్‌పూర్ బాలుడు పేరును మాత్రం తీసుకొని ఈ భారాన్ని వదిలిపెట్టినాడు. ఇది రచయితల లోపమని చెప్పడానికి లేదు. ధారావాహిక స్వభావమే అంత. ఒకసారి గీసి నిర్ణయించిన ఆకారాలను, దృశ్యపటాలను తిరిగి తిరిగి వాడుకొంటేనే ఖర్చు గిట్టుబాటు అవుతుంది. ఏ కథ ఏ వరుసలో ప్రసారమైనా అర్థం కావలెను. బడిసంచిపై, నీళ్ల సీసాపై అచ్చువేసిన ముఖం ఏండ్ల తరబడి మారకూడదు. కాబట్టి నాయకుడు పెరగడు, పొరపాటు చేసి దాని ఫలం అనుభవించడు, ఎవరినీ శాశ్వతంగా పోగొట్టుకోడు. ప్రతి కథ చివర లోకం మొదటి స్థితికే వస్తుంది.

ఇక్కడనే అసలు నష్టం ఉన్నది. చెడు ఓడిపోతుందని చెప్పడం నీతి అనిపించుకొంటే ఆ నీతి నేటి తెరమీద పుష్కలంగా ఉన్నది. చేసినది తిరిగి రాదు, పోయినది పోతుంది, అందుచేత ఇప్పుడే ఆలోచించుకోవలెను అనేది నీతి అయితే, దానికి ముగింపు గల కథ కావలెను. సంజీవకం చచ్చిన తరువాత సింహం దుఃఖిస్తుంది. ఆ దుఃఖం ఎద్దును బ్రతికించదు. చూలి లేడి నిజంగానే చావబోతున్నది. న్యగ్రోధమృగం తల నిజంగానే శిలపై ఉన్నది. ఆ భయం లేకపోతే ఆ దయకు అర్థం లేదు.

దీనికి సమాధానంగా రెండు మాటలు చెప్పవచ్చును. రెండూ త్రోసివేయదగినవి కావు. మొదటిది, పాత కథలలో అన్నీ పిల్లలకు తగినవి కావు. పంచతంత్రంలో స్త్రీలను గురించి, తక్కువ కులాలని పేరు పెట్టిన వారిని గురించి ఉన్న తిరస్కారాన్ని నేటి పిల్లలకు యథాతథంగా అందించరాదు. ప్రతి తరమూ ఏరుకొన్నది. చిన్నయసూరీ ఏరుకొన్నాడు, 1974 నాటి చిత్రమూ ఏరుకొన్నది. రెండవది, చిన్న వయసులో లోకం నిలకడగా ఉన్నదన్న ధైర్యం అవసరం. రోజూ గెలిచే భీముడు ఆ ధైర్యం ఇస్తున్నాడు. అవ్వలు కూడా నిద్రవేళ కథలో పులిని చంపకుండా పంపించివేసిన సందర్భాలు లేకపోలేదు. అయితే అవ్వ ఆ మార్పు చేసినది ఎదుట ఉన్న మనుమని ముఖం చూచి. వాడు మరి రెండేండ్లు పెరిగిన తరువాత అదే కథను అసలు ముగింపుతో చెప్పగలదు. ఛానలు ఎవరి ముఖమూ చూడలేదు. నాలుగేండ్ల పిల్లకూ పదేండ్ల పిల్లవానికీ ఒకే ముగింపు చెప్పుతుంది.

భాష విషయం కూడా ఇందులో కలిసి ఉన్నది. హైదరాబాదులో తయారైన కథలో ఊరు ఢోలక్‌పూర్, పిలుపులు హిందీవి. తెలుగు పిల్లలకు ఆ కథ తెలుగులోకి మారిన మాటలతో అందుతుంది. వ్యాపారానికి దేశమంతా ఒకే అంగడి కావలెను కాబట్టి ఇది సహజమే. అనువాదం వలన కథకు చేటు లేదు. మిత్రలాభం సంస్కృతం నుండి తెలుగుకు వచ్చినదే. కాని చిన్నయసూరి అనువాదంలో తెలుగు వాక్యం కొత్తగా పుట్టినది. తెరమీది అనువాదంలో అప్పటికే గీసి ఉన్న పెదవుల కదలికకు మాట ఒదగవలెను. నవ్వు ఎక్కడ రావలెనో ముందే నిర్ణయమై ఉన్నది. జుట్టుపోలిగానికి ఉన్న స్వేచ్ఛ ఆ మాటలు వ్రాసేవానికి లేదు. ఊరి సామెత, ఇంటి వరుస, వీధిలోని హాస్యం చొరబడే సందు అక్కడ కనిపించదు.

రామ్ మోహన్, విజయా మూలే ఇద్దరూ 2019లోనే కన్నుమూసినారు. ఆమె వయసు అప్పటికి తొంభైయెనిమిది. భీమ్‌సేన్ అంతకు ముందటి యేడు మరణించినాడు. బొమ్మను చేతితో గీసి నడిపించిన ఆ తొలితరం దాదాపు ముగిసినది. ఇప్పుడు గీత కంప్యూటరు మీద సాగుతున్నది. పిల్లవాని చేతిలో పెట్టెకు బదులు ఫోను ఉన్నది. ఒక కథ ముగియకముందే రెండవ కథ తనంతట తానే మొదలవుతుంది. ఊరంతటికీ ఒక పెట్టె, తరువాత ఇంటికొక పెట్టె, ఇప్పుడు పిల్లవానికొక తెర. యంత్రం చిన్నదైనకొలదీ దాని ప్రక్కన కూర్చునే మనిషి దూరమైనాడు. తొలితరం వారు తమ యంత్రానికి ఏది చేతకాదో ఎరిగి ఉండేవారు; కాబట్టే తోటలో అక్కనూ, బడిలో పంతులునూ నిలబెట్టినారు. తరువాతి కాలం ఆ పనిని ఎవరికీ ప్రత్యేకించి అప్పగించలేదు.

నిగ్రోధమృగ జాతకాన్ని నేడు ఏ పిల్లకైనా చూపించవచ్చును, చెప్పవచ్చును. లేళ్లకు అభయం దొరికినదని విన్న వెంటనే ఆ పిల్ల తప్పక అడుగుతుంది: మరి ఆ రోజు నుండి రాజు ఏమి తిన్నాడు? ఈ ప్రశ్నకు జాతకంలో జవాబు లేదు, చిత్రంలోనూ లేదు. అడిగిన పిల్లతోపాటు కూర్చుండి, తెరను కొంచెంసేపు ఆపి, తోచిన జవాబు చెప్పి, అది సరిపోలేదని ఆ పిల్ల అంటే మరొకటి ఆలోచించడానికి ఇంటిలో ఎవరో ఒకరు ఉండవలెను. అమరశక్తి కొడుకుల కోసం విష్ణుశర్మ ఆరు నెలలు అడిగినాడు. ఈ పనికి అంత కాలం అక్కరలేదు. కథ నడిచినంతసేపూ, ఆ తరువాత మరికొంతసేపూ చాలును.